అరుదైన గవ్వలు, శంఖాల వేట: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇచ్ఛాపురం నుంచి తడ వరకూ మన తీరంలో గవ్వలు ఏరుకునేవాళ్ల కోసం రాసిన పేజీ ఇది. అండమాన్‌కో అమెరికాకో వెళ్లినప్పుడు పనికొచ్చే సంగతులు కూడా కొన్ని ఉన్నాయి. ముందుగా ఒక మాట: ఇక్కడ చెప్పేదంతా ప్రాణి చనిపోయి ఖాళీ అయిన గుల్లల గురించే.

గవ్వ, శంఖం, చిప్ప, గుల్ల: ఏది దేన్ని అంటారు?

మాటల్లో అన్నిటినీ గవ్వలనే అంటాం. కచ్చితంగా చెప్పాలంటే గవ్వ అంటే అష్టాచెమ్మాలో వేసేది: వీపు ఉబ్బెత్తుగా, నున్నగా ఉండి, కడుపు వైపు పళ్లున్న సన్నటి చీలిక ఉంటుంది. మెలి తిరిగి, ఒకే నోరున్న వాటిని నత్త గుల్లలంటారు. శంఖం వాటిలో ఒక జాతి. రెండు పలకలు కీలుతో కలిసి ఉంటే ఆల్చిప్పలు, చిప్పలు. సున్నం బట్టీలవాళ్లకు మాత్రం ఇవన్నీ గుల్లే, అందుకే దాన్ని గుల్లసున్నం అన్నారు. ఈ పేజీలో అన్నిటికీ కలిపి గుల్ల అని వాడుతున్నాం.

దొరికింది అరుదైనదో కాదో ఎలా తెలుస్తుంది?

అరుదుకి మూడు కారణాలుంటాయి, వాటిని కలిపేసుకుంటే మోసపోతాం.

మొదటిది, ప్రాణి మనిషికి అందని చోట బతకడం. దీనికి మంచి ఉదాహరణ కోనస్ గ్లోరియామారిస్. 1777లో శాస్త్రీయంగా పేరు పెట్టిన ఈ శంకువు గుల్ల దాదాపు రెండు శతాబ్దాల పాటు ప్రపంచం మొత్తం మీద ఏ కొద్దిమంది దగ్గరో ఉండేది. 1969లో సాలమన్ దీవుల్లోని గ్వాడల్‌కనాల్ దగ్గర గజ ఈతగాళ్లకు దాని నివాసం దొరికింది. ఆ తర్వాత ధర పడిపోయింది. నిజానికి ఆ ప్రాణి ముందు కూడా అరుదు కాదు, మనమే చూడలేదంతే. మన బంగాళాఖాతంలోనూ ఇలాంటిదే ఒకటుంది: కోనస్ బెంగాలెన్సిస్. దానికి 1968లో గానీ పేరు పెట్టలేదు.

రెండోది, మామూలు జాతిలో పుట్టిన అసాధారణ గుల్ల. ఎదురు దిశలో మెలి తిరిగిన శంఖం ఈ కోవలోది.

మూడోది, కొత్తవాళ్లు పట్టించుకోనిది: స్థితి. మన తీరంలో కుప్పలుగా దొరికే మ్యూరెక్స్ ముళ్ల గుల్లలో ఒక్క ముల్లు కూడా విరగనిది దొరకడం కష్టం. పెదవి అంచు చిట్లని, రంగు వెలవని, పురుగు తొలవని గుల్లను సేకర్తలు ‘జెమ్’ స్థాయి అంటారు. రంగు పోయిన అరుదైన జాతి గుల్ల కన్నా మచ్చలేని మామూలు గుల్లకే సంగ్రహంలో ఎక్కువ విలువ. బేరాల్లో మాత్రం దీనికి తలకిందులుగా చెబుతుంటారు.

మన తీరంలో ఎక్కడ వెతకాలి?

తీరం అంతా ఒకేలా ఉండదు కాబట్టి దొరికేవీ ఒకేలా ఉండవు. విశాఖపట్నం, భీమునిపట్నం మధ్య రాళ్లున్నాయి. తొట్లకొండ కింద, మంగమారిపేట దగ్గర, నీళ్లు తగ్గినప్పుడు బయటపడే రాతి గుంటల అంచుల్లో గవ్వలు, నెరిటాలనే చిన్న నత్త గుల్లలు, రాళ్లకు అతుక్కునే లింపెట్ల గుల్లలు ఉంటాయి. అరబ్బీ రాతలాంటి గోధుమరంగు గీతలున్న పెద్ద గవ్వ కూడా ఇలాంటి రాళ్ల చోటే. ఒక చిక్కు చెబుతాం: లేత గవ్వకు పళ్లు ఉండవు, పెదవి పల్చగా ఉంటుంది, రంగు కూడా వేరు. చూసినవాళ్లు అది వేరే జాతి అనుకుని పొంగిపోతారు.

బాపట్ల సూర్యలంక, చీరాల వాడరేవు, నెల్లూరు మైపాడు లాంటి ఇసుక తీరాల్లో ఆలివ్ గుల్లలు, చంద్రనత్తలు, డోనాక్స్ చిప్పలు, గుండీ అంత చిన్న రంగురంగుల అంబోనియంలు దొరుకుతాయి. కాకినాడ వైపు బురద నేల, మడ అడవి. అక్కడి గుల్లలు వేరే లోకం: పొడుగాటి టెలిస్కోపియం, గరుకు గాడులున్న రక్తచిప్ప. కోరింగ అభయారణ్యం పరిధిలో మాత్రం దేన్నీ ఏరకూడదు.

ఏ తీరమైనా నీళ్ల ఒడ్డున తలవంచుకుని నడిస్తే లాభం లేదు. పోటు ఆఖరున వచ్చిన అల వదిలిన చెత్త గీతను పట్టుకుని నడవాలి. నాచు, పుల్లలు, ప్లాస్టిక్, గుల్లలు ఒకే బరువు కొద్దీ ఒకే వరసలో ఆగుతాయి. ఒడ్డు మీద ఇలాంటి గీతలు రెండు మూడు ఉంటే అన్నిటికన్నా పైది మొన్నటి పెద్ద పోటుది. మంచివి తరచూ దాని వెనకే, ఎవరూ తొక్కని చోట ఉంటాయి. రాళ్ల చాటున, ఏరు కలిసే మలుపు దగ్గర, అల కోసేసిన గుంటల్లో గుల్లలు పోగవుతాయి.

ఏ నెలల్లో వెళ్లాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. తుపాను గానీ వాయుగుండం గానీ తీరం దాటాక సముద్రం రెండు మూడు రోజుల్లో సద్దుమణుగుతుంది. ఆ తర్వాతి మొదటి ఆటు దొరికితే వదులుకోకండి. లోతు ఇసుకలో ఉండే ఫిగ్ గుల్ల, టన్ గుల్ల లాంటి పల్చటివి ఒడ్డుకు వచ్చేది అప్పుడే. నాలుగు అలలు కొట్టాయంటే అవి ముక్కలవుతాయి. సముద్రం వైపు నుంచి గాలి విడవకుండా వీచిన రోజుల తర్వాత ఊదారంగు జాంథినాలు కొట్టుకొస్తాయి. ఇవి నురగ తెప్ప కట్టుకుని నీటి మీద తేలుతూ బతికే నత్తలు. గుల్ల కాగితమంత పల్చన. వేళ్లతో పట్టుకోకండి, ఇసుకతో సహా కింద నుంచి ఎత్తండి.

తుపాను హెచ్చరిక ఎత్తేయకముందు మాత్రం ఒడ్డుకు వెళ్లొద్దు. ఉప్పాడలో తుపానుల తర్వాత బంగారు రేణువుల కోసం ఒడ్డున జల్లెడ పట్టేవాళ్లను చూసి ధైర్యం తెచ్చుకోవడం తగదు. ఆ ఒడ్డు ఎక్కడ కోసుకుపోతుందో వాళ్లకు తెలుసు.

జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. ఆ నెలల్లో రాత్రిపూట టార్చి వేసుకుని ఇసుక మీద తిరగొద్దు. వెలుతురు చూస్తే ఒడ్డెక్కే తాబేలు వెనక్కి తిరిగిపోతుంది, పిల్లలు దారి తప్పుతాయి.

ఆటుపోట్లు ఎలా చూసుకోవాలి?

పౌర్ణమి, అమావాస్యల ముందూ వెనకా రెండు మూడు రోజుల్లో నీళ్లు బాగా పైకెక్కి బాగా కిందికి దిగుతాయి. విశాఖ దగ్గర ఆ రోజుల్లో ఎక్కువ తక్కువల తేడా సుమారు మీటరున్నర. అష్టమి దగ్గర తేడా చాలా తక్కువ, రాళ్ల దగ్గర ఏమీ బయటపడదు.

ఆటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఒక ఊళ్లో ఒక అమావాస్యనాడు ఆటు ఎన్నింటికో రాసి పెట్టుకుంటే, మిగతా అమావాస్యలకూ పౌర్ణములకూ ఇంచుమించు అదే గడియ. క్యాలెండరు పక్కన ఒక్క సంఖ్య రాసుకుంటే చాలు. కచ్చితమైన అంచనాలు, ఎత్తైన అలల హెచ్చరికలు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇస్తుంది. బయల్దేరేముందు రెండోది తప్పకుండా చూడండి.

ఆటుకు గంట ముందు చేరి, దిగే నీటి వెంట వెళ్లి, అది తిరగ్గానే వెనక్కి రావడం పద్ధతి. ప్రమాదాలన్నీ ఇక్కడే: ముందున్న రాయి మీద ఏదో మెరిసింది కదా అని ఇంకో పావుగంట ఆగుతారు, వెనకనున్న పల్లపు దారి ఈలోపు నిండిపోతుంది. ఫోనులో అలారం పెట్టుకోండి. సముద్రానికి వీపు చూపించి వంగొద్దు.

ఏమేం పట్టుకెళ్లాలి?

కాలి మడమ దాకా పట్టే రబ్బరు అడుగు బూట్లు. హవాయి చెప్పులు నాచు రాతి మీద జారతాయి, రాతికి అతుక్కున్న ఆయిస్టర్ అంచులు బ్లేడులా కోస్తాయి. నీళ్లు కారిపోయే జాలీ సంచి, అంటే కూరగాయలదే. మూత గట్టిగా పట్టే చిన్న మాత్రల డబ్బాలు నాలుగైదు, లోపల టిష్యూ కాగితం. పాత టూత్‌బ్రష్, పది రెట్లు పెద్దది చేసే చేతి కటకం, నీటికి చెరగని పెన్ను, చిన్న నోటు పుస్తకం. మంచినీళ్ల సీసా తాగడానికీ, ఉప్పు కడగడానికీ. వంగి ఏరితే సాయంత్రానికి నడుం పట్టేస్తుంది కాబట్టి పొడుగు కర్రకు పాత గరిటె కట్టుకునేవాళ్లున్నారు. చూడటానికి నవ్వొచ్చినా పనికొచ్చే ఏర్పాటే.

ఒడ్డున మంచివేవీ దొరకడం లేదు. జాలర్ల దగ్గర దొరుకుతాయా?

దొరుకుతాయి. అలివి వల లాగాక చేపలు ఏరుకుని మిగిలింది ఇసుకలోనే దులిపేస్తారు. బోటు వలల్లో పడ్డ గుల్లలు విశాఖ, కాకినాడ, నిజాంపట్నం హార్బర్లలో చెత్తతో పాటు బయటికి వస్తాయి. సూర్యచక్రంలా చుట్ట చుట్టుకున్న ఆర్కిటెక్టోనికా, గట్టులు తేలిన హార్పా, పొడుగు తోక మ్యూరెక్స్ లాంటివి ఒడ్డున విరిగి దొరుకుతాయి, ఇక్కడ సాపుగా దొరుకుతాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో హార్బరుకు వెళ్తే ఖాళీ చేతులతో రావడమే.

అడిగే తీరు ముఖ్యం. దించే హడావిడిలో మీద పడొద్దు. వల బాగుచేసుకునే వేళ వెళ్లి, ‘బాబాయ్, ఇది ఎన్ని బారల్లో పడింది?’ అని అడగండి. బార అంటే సుమారు ఆరడుగులు. ఇరవై బారలంటే 36 మీటర్ల పైచిలుకు. ఏ దిక్కున, ఎంత దూరంలో, అడుగు ఇసుకా బురదా, ఇవన్నీ అప్పుడే రాసుకోండి. డబ్బు ఇచ్చి ‘ఇంకా తీసుకురా’ అని మాత్రం చెప్పొద్దు. అప్పటిదాకా వలలో పొరపాటున పడిన ప్రాణి ఆ మాటతో వేటాడే సరుకవుతుంది.

లోపల ప్రాణి ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

నోటి దగ్గర కొమ్ములాంటి గట్టి మూత గానీ, సున్నపు మూత గానీ కనిపిస్తే నత్త లోపలే ఉంది. చిప్ప రెండు పలకలూ గట్టిగా మూసుకుని ఉంటే బతికే ఉంది. ఏమీ కనిపించకపోతే గుంట నీటిలో నోరు కిందికి పెట్టి ఐదు నిమిషాలు కదలకుండా చూడండి. హెర్మిట్ పీత ఉంటే కాళ్లు బయటపెట్టి నడుస్తుంది. పీత ఉన్న గుల్ల ఖాళీ కాదు, అది ఒకరి ఇల్లు. బతికి ఉన్నదాన్ని తీసిన చోటే, తీసినట్టే పెట్టండి. రాయి తిప్పి చూస్తే మళ్లీ అలాగే బోర్లించండి. అడుగున ఉన్నవి ఎండ తగిలితే గంటల్లో చస్తాయి.

కోన్ నత్త నిజంగా మనిషిని చంపుతుందా?

చంపుతుంది. శంకువు ఆకారంలో, అందమైన వల నేత చారలతో ఉండే ఈ గుల్లల్లోని ప్రాణికి ఈటెలాంటి పన్ను ఉంటుంది. దాంతో విషం ఎక్కిస్తుంది. పురుగులు తినే జాతుల కాటు చాలావరకు కందిరీగ కుట్టినట్టుంటుంది. చేపల్ని తినే కోనస్ జియోగ్రాఫస్ కాటుతో ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. కోనస్ టెక్స్‌టైల్ కూడా ప్రమాదకరమే. ఇవి ఎక్కువగా పగడపు దిబ్బల చోట, అంటే అండమాన్, లక్షద్వీప్ వైపు ఉంటాయి.

వెడల్పు చివర పట్టుకుంటే అందదు అని చెబుతుంటారు. నమ్మకండి, దాని తొండం గుల్ల పొడుగంతా చాచగలదు. చేతి తొడుగులనూ గుచ్చుతుంది. జేబులో, బనీను మడతలో వేసుకోవడం మరీ తప్పు. కాటు పడితే కోయడం, పీల్చడం వద్దు. ఆ కాలుకో చేతికో సాగే బ్యాండేజీ చివరి నుంచి పైదాకా చుట్టి, కదలకుండా కర్ర కట్టి, వెంటిలేటరున్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దీనికి విరుగుడు మందు లేదు, విషం దిగేదాకా ఊపిరి ఆడించడమే వైద్యం. ఈ కుటుంబంలోని కోనస్ మాగస్ విషం నుంచే జికోనొటైడ్ అనే నొప్పి మందు పుట్టింది. అమెరికాలో దానికి 2004లో అనుమతి వచ్చింది.

మన ఒడ్డున ఇంతకన్నా ఎదురయ్యే భయం సముద్రపు పాము. అలివి వలల దగ్గర చచ్చినట్టు పడి ఉంటుంది. కాలితో కూడా కదపొద్దు.

చట్టం ఏమంటుంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 జాబితాల్లోకి 2001లో 24 రకాల గుల్లప్రాణులు చేరాయి. అందులో కఠినమైన మొదటి షెడ్యూలులో తొమ్మిది: కొమ్ముల హెల్మెట్ శంఖం, ట్రైటన్ బాకా శంఖం, ఎర్ర హెల్మెట్, నాటిలస్, మూడు రకాల రాక్షస చిప్పలు, కోనస్ మిల్నెఎడ్వర్డ్సి, ట్యూడిక్లా స్పైరాలిస్. మిగతా 15లో ట్రోకస్, పెద్ద టర్బో, కొన్ని సాలీడు శంఖాలు, మ్యాప్ గవ్వ లాంటివి ఉన్నాయి. 2022 సవరణతో షెడ్యూళ్ల అమరిక మారింది. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మొదటి షెడ్యూలు ప్రాణి విషయంలో శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా. అన్ని రకాల రాతి పగడాలు కూడా మొదటి షెడ్యూలులోనే ఉన్నాయి. అండమాన్ ఒడ్డున చచ్చిపడిన పగడపు ముక్క సంచిలో వేసుకున్నా నేరమే. ‘చచ్చినదే కదా’ అన్న వాదన చెల్లదు, చట్టం ప్రాణి శరీర భాగాన్నీ దానితో చేసిన వస్తువునూ కూడా చెబుతుంది.

ఇక్కడే మనవాళ్లు తెలియక చిక్కుకునే సంగతి ఒకటుంది. కాకినాడ అఖాతంలో అప్పడంలా బల్లపరుపుగా, వెలుగు దాటేంత పల్చగా ఉండే చిప్ప విరివిగా దొరుకుతుంది. పూర్వం కొన్ని దేశాల్లో కిటికీలకు అద్దంలా వాడినది ఇదే: ప్లాకునా ప్లాసెంటా. ఒడ్డున వందల్లో పడి ఉంటుంది కాబట్టి పిల్లలు దోసిళ్లతో ఏరుతారు. కానీ ఆ 24 రకాల్లో ఇదీ ఒకటి. మరోవైపు ఎంతో అరుదైన కొన్ని శంకువులు ఏ జాబితాలోనూ లేవు. కాబట్టి అరుదా కాదా అని కాదు, పేరు జాబితాలో ఉందా అని చూసుకోవాలి. పర్యాటక ఊళ్లలో దుకాణం వాడు బిల్లు ఇచ్చినా రక్షిత గుల్ల కొనడం కొన్నవాళ్ల తప్పే అవుతుంది.

తాతల నాటి నాటిలస్ ఇంట్లో ఉంది. ఏం చేయాలి?

అమ్మొద్దు, ఎవరికీ బహుమతిగా ఇవ్వొద్దు, ఇంటర్నెట్‌లో ఫొటో పెట్టి ధర అడగొద్దు. దగ్గరి అటవీ రేంజి కార్యాలయంలో సంగతి చెప్పండి. 2022 సవరణ ఇలాంటి వస్తువులను స్వచ్ఛందంగా అప్పగించే వీలు కల్పించింది. పరిహారం రాదు.

దక్షిణావర్త శంఖం అసలుదో నకిలీదో ఎలా తెలుసుకోవాలి?

ఎక్కువ డబ్బు పోయేది ఈ ఒక్క గుల్ల దగ్గరే, కాబట్టి కాస్త వివరంగా.

ముందు దిక్కు తేల్చుకోవాలి. శాస్త్రవేత్తలు మొన పైకి పెట్టి, నోరు తమవైపు తిప్పుకుని చూస్తారు. నోరు కుడివైపు ఉంటే కుడి మెలి. మామూలు శంఖాలన్నీ ఇంతే. మన సంప్రదాయంలో శంఖాన్ని పట్టేది తలకిందులుగా, అంటే మొన కిందికి, తూము (నోటి చివర సన్నటి కాలువ) పైకి. అలా పట్టుకుంటే మామూలు శంఖం నోరు ఎడమకు వస్తుంది, అది వామావర్తం. నోరు కుడికి వచ్చేదే దక్షిణావర్తం. అంటే శాస్త్రం ఎడమ మెలి అనేదాన్నే మనం దక్షిణావర్తం అంటాం. సగం గొడవలు ఈ తేడా తెలియక వచ్చేవే. ఫొటో అద్దంలో తిప్పితే మామూలు శంఖం కూడా దక్షిణావర్తమైపోతుంది, కాబట్టి ఫొటో చూసి బేరం ఆడకండి.

పూజ శంఖం జాతి టర్బినెల్లా పైరమ్. మన్నార్ సింధుశాఖలో, తూత్తుకుడి చుట్టుపక్కల దీని వేట పాతది. ఈ జాతిలో ఎడమ మెలి పుట్టడం చాలా చాలా అరుదు. బజారులో ‘దక్షిణావర్తం’ పేరుతో వచ్చేవాటిలో ఎక్కువ భాగం వేరే జాతి: మెక్సికో సింధుశాఖ, ఫ్లోరిడా తీరాల లైట్నింగ్ వెల్క్. ఆ జాతికి ఎడమ మెలే మామూలు. 1987లో టెక్సాస్ దాన్ని తమ రాష్ట్ర గుల్లగా ప్రకటించింది కూడా. అక్కడ ఉన్న మన తెలుగువాళ్లు సెలవుల్లో ఒడ్డున చూసి, ఊళ్లో లక్షలు పలికేది ఇదేనా అని ఆశ్చర్యపోయే గుల్ల అదే.

తేడా కనిపెట్టడం తేలిక. నోట్లోకి టార్చి కొట్టి మధ్య ఇరుసును చూడండి. అసలు శంఖానికి ఆ ఇరుసు మీద అడ్డంగా మూడు నాలుగు గట్టి మడతలు, మెట్ల అంచుల్లా తేలి ఉంటాయి. వేలు పెడితే తగులుతాయి. వెల్క్‌కు ఇరుసు నున్నగా ఉంటుంది. శంఖం బరువు, మందం కూడా ఎక్కువ. మడతలు అరగదీసి చూపించలేరు గానీ, నోరు మైనంతోనో ఎర్ర గుడ్డతోనో మూసి అమ్ముతారు. మూసి ఉన్నది కొనొద్దు. రెసిన్‌తో పోతపోసిన వాటికి పెరుగుదల గీతలుండవు, అచ్చు అతుకు గీత ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది.

బియ్యంలో పెడితే తనంతట తిరుగుతుంది, పాలల్లో ఎదురు నడుస్తుంది, చెవికి పెడితే ఓంకారం వినిపిస్తుంది లాంటి పరీక్షల్లో దేనితోనూ జాతి తేలదు. చెవి దగ్గర హోరు ఏ గుల్లకైనా, ఖాళీ లోటాకైనా వస్తుంది. చుట్టూ ఉన్న చప్పుడు లోపలి గాలిలో ప్రతిధ్వనిస్తుందంతే.

పాత రోజుల్లో బియ్యప్పిండితో నకిలీ గుల్లలు చేశారంటారు, నిజమా?

ఎపిటోనియం స్కలారే గురించి చెప్పే కథ అది. చుట్టలు ఒకదానికొకటి అంటకుండా, తెల్లటి పక్కటెముకలతో మెలిమెట్లలా ఉండే గుల్ల. డచ్చివాళ్ల వెంటిల్‌ట్రాప్ అన్న మాటకు అర్థం కూడా అదే. 18వ శతాబ్దంలో యూరప్ దొరలు దీనికోసం ఎగబడ్డారు. చైనాలో పిండితో నకిలీలు చేశారని, కడిగితే కరిగిపోయాయని చెబుతారు. అలాంటి నకిలీ ఒక్కటీ ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

ఎలా శుభ్రం చేయాలి?

ఖాళీ గుల్లయితే పని తేలిక. మంచినీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, నీళ్లు మార్చి ఇంకో రాత్రి ఉంచండి. ఉప్పు దిగకపోతే తర్వాత పొడి పట్టేది ఇక్కడి నుంచే. మెత్తటి బ్రష్‌తో రుద్ది, నీడలో నోరు కిందికి పెట్టి ఆరబెట్టండి. ఎండలో పెడితే రంగు వెలుస్తుంది.

పైన ముదురు తోలులాంటి పొర, నాచు, సున్నపు పొక్కులు ఉంటే బట్టలకు వాడే బ్లీచింగ్ ద్రావణం, నీళ్లు సమానంగా కలిపి ముంచాలి. అరగంటకోసారి తీసి చూడండి. పొర ఊడగానే తీసి పుష్కలంగా కడగాలి. పొక్కులను పళ్ల డాక్టర్లు వాడేలాంటి సన్నటి కొక్కెంతో గీకాలి. గవ్వలు, ఆలివ్‌ల వంటి సహజంగా మెరిసే వాటిని బ్లీచులో ముంచొద్దు, మెరుపు చచ్చిపోతుంది. పొర ఉన్న జాతిలో ఒకటి అలాగే ఉంచండి. పొర కూడా గుర్తింపుకు ఆధారమే.

చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, మరుగుదొడ్డి యాసిడ్, ఏదీ వద్దు. ఇత్తడి బిందె తోమినట్టు తోముదామనిపిస్తుంది గానీ, గుల్ల అంటే కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలిన క్షణం నుంచి బుడగలు కడుతూ కరుగుతుంది. మురికితో పాటు పై రంగు పొర, సన్నటి గీతలు పోతాయి. బ్లీచులో యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది, బాత్రూం తలుపేసుకుని చేసేవాళ్లకు అది ప్రాణాంతకం.

హార్బరులో దొరికిన వాటిలో చనిపోయిన మాంసం మిగిలి ఉంటుంది. గరుకు గుల్లలైతే చల్లటి నీళ్లలో వేసి నెమ్మదిగా మరిగించి, ఐదు నుంచి పది నిమిషాలుంచి, గిన్నెలోనే చల్లారనివ్వండి. వంచిన పిన్నీసు గుచ్చి, గుల్ల మెలి తిరిగిన దిక్కునే తిప్పుతూ లాగితే ముక్క తెగకుండా వస్తుంది. తెగిందా, వారం రోజులు వీధంతా కంపు. మెరిసే గుల్లలు మరిగిస్తే చిట్లుతాయి. వాటిని ఒక రాత్రి ఫ్రిజ్‌లో కింద, తర్వాత మూడు రోజులు ఫ్రీజర్లో, మళ్లీ ఒక రోజు కింద ఉంచి కరిగాక లాగాలి. సంచి మీద ఏముందో రాయండి, ఇంట్లోవాళ్లు రొయ్యలనుకుంటారు. మూతను పారేయొద్దు. నోట్లో దూది కూరి, దాని మీద మూతను జిగురు చుక్కతో నిలపాలి.

మెరుపు రావడానికి వార్నిష్ వేయొచ్చా?

వద్దు. కొన్నేళ్లకు పసుపు పచ్చగా మారి పొలుసులు లేస్తుంది, లేచేటప్పుడు గుల్ల పైపొరనూ తీసుకుపోతుంది. కొబ్బరి నూనె ముక్కిపోయి జిగటగా తయారవుతుంది. పిల్లలకు రాసే మినరల్ ఆయిల్ ఒక చుక్క గుడ్డ మీద వేసి తుడవండి, చాలు.

దాచిన గుల్లల మీద తెల్ల పొడి పడుతోంది. బూజా?

బూజు కాదు, దాన్ని బైన్ జబ్బు అంటారు. 1899లో దాని గురించి రాసిన సేకర్త పేరు అది. ఆయన కూడా కారణం తప్పుగానే ఊహించాడు. అసలు జరిగేది ఇది: చెక్క, ప్లైవుడ్ జిగురు, అట్టపెట్టెల నుంచి ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిర్లు వస్తుంటాయి. మూసిన బీరువాలో అవి గుల్ల సున్నంతో కలిసి లవణాలై పైకి పొంగుతాయి. తేమ, మిగిలిన ఉప్పు దీన్ని తొందర చేస్తాయి. మన కోస్తా ఊళ్ల గాలిలో ఇంకా వేగం.

పొడి పట్టినదాన్ని వెంటనే వేరు చేయండి. మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ రెండు రోజులుంచి పూర్తిగా ఆరబెట్టండి. పోయిన పైపొర తిరిగిరాదు. ఆ తర్వాత చెక్క సొరుగు, అగ్గిపెట్టెలు, దూది మానేసి ఇనుప బీరువా, మూతున్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలు, సిలికా జెల్ పొట్లాలు వాడండి. పొట్లాలను నెలకోసారి మార్చాలి.

లేబులు మీద ఏం రాయాలి?

చోటు, తేదీ, ఎలా దొరికింది, ఎవరు తీశారు. ‘వైజాగ్ బీచ్’ అని రాస్తే పనికిరాదు. ఇలా ఉండాలి: ‘మంగమారిపేట, రాతి గుంటల దక్షిణపు అంచు, చెత్త గీతలో, ఖాళీ గుల్ల, 14 డిసెంబరు 2024, పౌర్ణమి ఆటు’. ఫోనులో అక్షాంశ రేఖాంశాలు తీసి చేర్చండి. పెన్సిల్‌తో గానీ నీటికి చెరగని సిరాతో గానీ రాయాలి, బాల్‌పెన్ వెలిసిపోతుంది. గుల్ల నోటి లోపల చిన్న సంఖ్య వేసి అదే సంఖ్య పుస్తకంలో రాయండి. డబ్బాలు ఎప్పుడో ఒకసారి కిందపడతాయి. అప్పుడు నేల మీద కలిసిపోయిన నలభై గుల్లల్లో ఏది ఎక్కడిదో చెప్పేది ఆ సంఖ్యే. లేబులు లేనిది బల్ల మీద అలంకారం. లేబులున్న మామూలు నత్త గుల్ల కూడా పరిశోధకులకు ఆధారం.

పేరు ఎలా కనుక్కోవాలి?

రెండు ఫొటోలు: ఒకటి నోరు వైపు, ఒకటి వీపు వైపు, మొన పైకి, పక్కన స్కేలు. వెర్నియర్ కాలిపర్‌తో ఎత్తు మిల్లీమీటర్లలో కొలవండి. రంగుకు ప్రాధాన్యం ఇవ్వొద్దు, ఒకే జాతిలో పది రంగులుంటాయి. చుట్టలెన్ని, ఇరుసు మీద మడతలున్నాయా, పెదవి లోపల పళ్లున్నాయా, తూము పొడుగెంత, ఇవి చూడాలి. ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో ఫొటో పెడితే ఎవరో ఒకరు చెబుతారు. చెప్పిన పేరు ఇప్పటికీ చెల్లుతుందో లేదో గుల్లప్రాణుల పేర్ల జాబితా ఉండే మొలస్కాబేస్ వెబ్‌సైట్‌లో చూసుకోండి, గుల్లల పేర్లు తరచూ మారతాయి.

ఎవరో డ్రిల్లు వేసినట్టు చిన్న రంధ్రం ఉంది. ఏమిటది?

హత్య ఆనవాలు. రంధ్రం పైన వెడల్పుగా, లోపలికి పోను పోను సన్నబడుతూ గిన్నెలా ఉంటే చంద్రనత్త పని. గోడలు నిటారుగా ఉంటే చాలావరకు మ్యూరెక్స్ కుటుంబపు నత్తది. ఆమ్లం లాంటి స్రావంతో మెత్తబరిచి, నాలుకతో గీకి తొలిచి, లోపలి ప్రాణిని తినేస్తుంది. ఇలాంటి చిప్పలు ఏరి దండ గుచ్చుకోవచ్చు, రంధ్రం వేసే పని తప్పుతుంది.

దూరం వెళ్లలేం, డబ్బు పెట్టలేం. అరుదైనవి చూసే దారి లేదా?

ఉంది, పైగా దానికి పోటీ కూడా తక్కువ. చెత్త గీతలో ఇసుక కన్నా గుల్ల నూక ఎక్కువగా ఉన్న చోటు చూసి ఒక గిన్నెడు తీసుకోండి. ఇంట్లో మంచినీళ్లలో కడిగి, ఆరబెట్టి, 4, 2, 1 మిల్లీమీటరు జల్లెడలు వరసగా పట్టండి. ఒక్కో భాగాన్ని నల్ల కాగితం మీద పల్చగా పరిచి, తడిపిన సన్న బ్రష్ మొనతో కటకం కింద ఏరాలి. పురుగు మందు వాసన లేని ఖాళీ క్యాప్సూళ్లు, మాత్రల డబ్బాలు దాచుకోవడానికి సరిపోతాయి. గిన్నెడు నూకలో పిల్ల ఎపిటోనియంలు, పూసల్లాంటి రిస్సోయిడ్‌లు, అప్పుడప్పుడూ ట్రైఫోరిడ్‌లు ఉంటాయి. ట్రైఫోరిడ్ బియ్యపు గింజంత, గరుకు గోపురంలా ఉంటుంది. మొన పైకి పెట్టి చూడండి, నోరు ఎడమకు ఉంటుంది. ఆ కుటుంబంలో దాదాపు అన్నీ ఎడమ మెలే.

విదేశాల్లో ఏరి తేవచ్చా?

ఆ చోటి నియమం ముందు చదవండి. ఫ్లోరిడాలోని సానిబెల్ దీవి గుల్లలకు పేరున్న చోటు. అక్కడ ఖాళీవి ఏరుకోవచ్చు, ప్రాణి ఉన్నది తీస్తే నేరం. రాక్షస చిప్పలు, నాటిలస్ లాంటివి సైటిస్ ఒప్పందం (ముప్పున్న ప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసేది) కిందికి వస్తాయి కాబట్టి అనుమతి పత్రం లేకుండా దేశం దాటించకూడదు. కస్టమ్స్‌లో అడిగితే ‘ఏముంది, గవ్వలే’ అనకుండా పేర్లు, సంఖ్య రాసిన కాగితం చూపండి.

సర్దేటప్పుడు ఒక్కో గుల్లను టిష్యూలో చుట్టి, ముళ్లున్నవాటికి ముళ్ల మధ్య టిష్యూ కూరి, గట్టి డబ్బాలో పెట్టాలి. డబ్బా ఊపితే చప్పుడు రాకూడదు. బరువైనవి అడుగున, లేబులు ప్రతి పొట్లం లోపల. బ్యాగులో పెట్టేముందు వాసన చూడండి. ఏమాత్రం వచ్చినా అది ఇంకా ఆరలేదన్నమాట, మూసిన సూట్‌కేసులో ఇరవై గంటలుంటే బట్టలన్నీ మళ్లీ ఉతకాలి.